పడవలోని చిన్న గది



ఈ వ్యాసం దేని గురించో ముందే చెప్పేస్తాను. భోజనానికి కూర్చోబోయేవారు పత్రికను కాసేపు పక్కన పెట్టి తరువాత చదువుకోవచ్చు. తెరచాప పడవలో ఉండే మరుగుదొడ్డి గురించి, అది చెడిపోతే బాగు చేసుకునే విధం గురించి, చెడిపోకుండా కాపాడుకునే విధం గురించి వ్రాస్తున్నాను. మన పల్లెల్లో ఎవరికీ అలాంటి పడవ లేదు గదా, మనకెందుకు ఈ సంగతి అని అడుగుతారేమో. ఓపికగా చివరిదాకా చదవండి. పొలంలో మోటారు ఉన్నవారికి, వీధిలో బోరింగు ఉన్నవారికి, ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు ఉన్నవారికి ఇందులో పనికివచ్చే మాట ఒకటైనా ఉంటుంది.

మాది కోనసీమ. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర పల్లెటూరు. మా ప్రాంతం నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు వెళ్లినట్టే నేను కూడా 1996లో మస్కట్ వెళ్లాను. మొదటి రెండేళ్లు మేడలు కట్టే చోట ప్లంబరు పని చేశాను. తరువాత పడవల రేవులో పని దొరికింది. 2015లో ఇంటికి తిరిగి వచ్చేవరకు ఆ రేవులోనే ఉన్నాను. పిల్లల చదువులు, చెల్లెలి పెళ్లి, ఇప్పుడు మేముంటున్న ఇల్లు, అన్నీ ఆ పని మీదనే జరిగాయి.

ఆ రేవుకు వచ్చేవి చేపల పడవలు కావు. ముప్పై నుంచి యాభై అడుగుల పొడవుండే తెరచాప పడవలు. భార్యాభర్తలిద్దరే ఐరోపా నుంచి బయలుదేరి, గాలి మీద ఆధారపడి, నెలలు, సంవత్సరాలు ఆ పడవలోనే కాపురం ఉంటూ దేశదేశాలు తిరుగుతారు. వంటిల్లు, మంచం, పుస్తకాల అర, అన్నీ అందులోనే. మెట్లు దిగగానే పక్కన ఒక తలుపు. ఆ తలుపు వెనుక మన ధాన్యపు గాదె కంటే చిన్న గది. అందులో ఒక పింగాణీ గిన్నె, దాని పక్కన ఒక చేతిపంపు. నా పని ఎక్కువగా ఆ గదిలో, మోకాళ్ల మీద.

పేరు ఎలా వచ్చింది?

నావికులు ఆ గదిని ‘హెడ్’ అంటారు, అంటే తల. ఈ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. ఒక ముసలి కెప్టెన్ గారు దాని అర్థం చెప్పారు. పూర్వపు తెరచాప ఓడలలో నావికులు కాలకృత్యాలకు ఓడ ముందు భాగానికి, అంటే తల వైపుకు వెళ్లేవారు. గాలి ఎక్కువగా వెనుక నుంచో పక్క నుంచో వీచేది గనుక వాసన ఓడ మీదికి రాదు. అలలు ఎగిసి ఆ చోటును కడిగేవి. ఓడలు మారాయి, గది లోపలికి వచ్చింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పంపు పని చేసే తీరు

ఇంట్లో మన మరుగుదొడ్డికి నీళ్లు పోస్తే అవి వాటంతటవే కిందికి జారిపోతాయి. పడవలో అలా కుదరదు. ఎందుకంటే ఆ గిన్నె చాలా పడవల్లో సముద్రపు నీటి మట్టానికి సరిసమానంగానో, ఇంకా కిందనో ఉంటుంది. కిందికి జారడానికి చోటెక్కడ? పైకి తోయాలి. అందుకే పంపు.

వీధి బోరింగును గుర్తు చేసుకోండి. పిడిని ఎత్తి దించుతుంటే లోపల పిస్టను కదులుతుంది, తోలు వాషరు నీటిని పట్టుకుంటుంది, కింద వాల్వు తెరుచుకొని మూసుకుంటుంది. పడవ పంపు కూడా అంతే, కాకపోతే ఒకే పిస్టను రెండు పనులు చేస్తుంది. పిడిని పైకి లాగినప్పుడు పిస్టను కింది భాగం గిన్నెలోని మురికిని పంపులోకి లాగుతుంది, పై భాగం శుభ్రమైన సముద్రపు నీటిని గిన్నెలోకి తోస్తుంది. పిడిని కిందికి నొక్కినప్పుడు ఆ మురికి బయటికి పోయే గొట్టంలోకి వెళుతుంది, అదే సమయంలో కొత్త నీరు పంపు పై భాగంలోకి వస్తుంది. పక్కనే ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని ఒక వైపు తిప్పితే గిన్నెలోకి నీరు వస్తుంది, ఇంకో వైపు తిప్పితే నీరు రాకుండా గిన్నె ఖాళీ అవుతుంది. వాడిన ప్రతివారు చివర గిన్నెను ఖాళీ చేసి, మీటను ఖాళీ వైపే ఉంచి రావాలి.

నీరు వచ్చే గొట్టం ముప్పావు అంగుళం, మురికి పోయే గొట్టం అంగుళంన్నర. మురికి పోయే దారి మొదట్లో ఒక రబ్బరు ముక్క ఉంటుంది. దాన్ని జోకర్ వాల్వు అంటారు. చూడటానికి బాతు ముక్కులా, మూసుకున్న రెండు పెదవుల్లా ఉంటుంది. పంపు తోసినప్పుడు పెదవులు విచ్చుకుంటాయి, తోయడం ఆగితే మూసుకుంటాయి. మన మోటారుకు ఫుట్ వాల్వు ఎలాగో దీనికి అది అలాగ. చేతి వేలంత రబ్బరు ముక్క. దాని మీదనే ఆ గది శాంతి అంతా ఆధారపడి ఉంటుంది.

రోగాన్ని గుర్తు పట్టడం

విప్పడానికి ముందు చూడాలి, వినాలి, పిడిని పట్టుకొని అది ఏమి చెబుతుందో తెలుసుకోవాలి. వైద్యుడు నాడి పట్టినట్టే. నేను చూసిన రోగాలలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది, ఖాళీ చేసిన గిన్నె కాసేపటికి తానే నిండడం. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: వచ్చిన నీరు మురికిదా, శుభ్రమైనదా? మురికి నీరైతే జోకర్ వాల్వు పెదవులు సరిగా మూసుకోవడం లేదు, గొట్టంలోనిది వెనక్కు వస్తోంది. దాన్ని మార్చాలి. ఎలాగూ సంవత్సరానికి ఒకసారి మార్చడం మంచిది. శుభ్రమైన సముద్రపు నీరైతే అది వచ్చే దారి వేరు. మీట సరైన వైపు లేకపోయి ఉండాలి, లేదా పంపు పై భాగంలోని వాల్వు అరిగిపోయి ఉండాలి. ఇది ఎక్కువ ప్రమాదకరం, ఎందుకో తరువాత చెబుతాను.

రెండవది, పిడి బరువుగా కదలడం. పైకీ కిందికీ రెండు వైపులా గరగరమని పట్టేస్తుంటే పిస్టను ఎండిపోయింది, గ్రీజు కావాలి. రబ్బరును పాడు చేయని సిలికాన్ గ్రీజు మంచిది. అది దొరకనప్పుడు చాలామంది గిన్నెలో కొంచెం వంటనూనె పోసి పంపు కొడతారు. పని చేస్తుంది గాని త్వరగా కడుక్కుపోతుంది. ఇంజను ఆయిలు, పెట్రోలియం జెల్లీ మాత్రం వాడకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. అలా కాకుండా, కిందికి నొక్కినప్పుడే ఎదురు తిరిగి, చేయి వదిలితే పిడి పైకి లేస్తుంటే, ముందు దారి మూసుకుపోయిందన్న మాట. అప్పుడు బలం చూపించకూడదు. గొట్టం ఊడితే ఆ గదిని కడగడానికి రెండు రోజులు పడుతుంది.

మూడవది, పిడి తేలికగా ఆడుతూ నీరు రాకపోవడం. లోపలికి వచ్చే కుళాయి మూసి ఉందేమో ముందు చూడాలి. తరువాత జల్లెడలో నాచు గాని, జెల్లీ చేప ముక్క గాని చిక్కుకుందేమో చూడాలి. అదీ కాకపోతే ఎక్కడో గాలి పీల్చుకుంటోంది. క్లిప్పు వదులైనా, పిస్టను చుట్టూ ఉండే రబ్బరు రింగు అరిగినా అలాగే అవుతుంది. ఫుట్ వాల్వు కారితే మన మోటారు నీళ్లు ఎత్తదు గదా, అదే సంగతి.

ఎవరు అని కాదు, ఏమిటి అని

2003 జనవరిలో నేను ఒక పడవతో మస్కట్ నుంచి కొచ్చికి వెళ్లాను. యజమాని దంపతులు అరవై దాటినవారు, వారికి తోడుగా పందొమ్మిదేళ్ల మేనకోడలు వచ్చింది. చేతి పని తెలిసినవాడు ఒకడు ఉండాలని నన్ను అడిగారు. ఆ కాలంలో అరేబియా సముద్రం మీద ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తుంది. ఎడమ నుంచి గాలి, పడవ కుడివైపు ఒరిగి సాఫీగా పోతోంది. అయిదవ రాత్రి ఆ చిన్న గదిలో పిడి కదలడం మానేసింది. ఇంకా వారం రోజుల ప్రయాణం ఉంది. నలుగురు మనుషులు.

కెప్టెన్ గారికి కోపం వచ్చింది. ‘ఇందులో ఎవరు ఏమి వేశారు?’ అని గట్టిగా అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. అప్పుడు ఆయన భార్య, ఆ పెద్దావిడ, ఒక మాట అన్నారు. ‘ఎవరు వేశారో మాకు అక్కరలేదు. ఏమి వేశారో మాత్రం ఇతనికి తెలియాలి, చేతులు పెట్టేది ఇతను గనుక’ అన్నారు. ఆమె దీపం పట్టుకొని నాతో కూడా లోపలికి వచ్చారు. కొద్దిసేపటికి ఆ పిల్ల తలుపు దగ్గరికి వచ్చి, ‘తడి తుడుపు కాగితాలు, రెండు’ అని మెల్లగా చెప్పింది.

ఆ ఒక్క మాట నాకు ఎంత సహాయం చేసిందో చూడండి. మామూలు కాగితమే అయితే రాత్రంతా నీళ్లు నిలబెడితే నానిపోయి పోతుంది. సున్నపు పొర అయితే ఆమ్లం పోస్తే కరుగుతుంది. ఈ తడి తుడుపులు మాత్రం కాగితంలా కనిపించినా గుడ్డలాంటివి. నానవు, కరగవు. వాటికి విప్పడం ఒక్కటే మార్గం. ఆ సంగతి తెలియకపోతే రాత్రంతా ఎదురుచూసి, ఆమ్లం వృథా చేసి, తెల్లవారి మళ్లీ అక్కడికే వచ్చేవాళ్లం.

ముందు సముద్రం వైపు ఉన్న రెండు కుళాయిలూ మూశాను. ఇది అన్నిటికంటే ముందు చేయవలసిన పని. చేతులకు రబ్బరు తొడుగులు, కింద పాత తువాళ్లు, పక్కన బకెట్టు. గిన్నెలోనిది డబ్బాతో తోడి బకెట్టులో పోశాను. గొట్టం క్లిప్పులు వదులు చేసి, రెండు మేకులు విప్పి, జోకర్ వాల్వును బయటికి తీశాను. దాని పెదవుల మధ్య ఆ గుడ్డలు తాడులా మెలివేసుకొని ఉన్నాయి. వంచిన తీగతో లాగి, వాల్వును కడిగి, పెదవులు చిరిగి ఉండటంతో కొత్తది వేశాను. మళ్లీ బిగించి, కుళాయిలు తెరిచి, పంపు కొట్టి, ఎక్కడా చుక్క కారడం లేదని చేత్తో తడిమి చూశాను. ఊగుతున్న పడవలో మూడు గంటలు పట్టింది.

తెల్లవారేసరికి ఆ గదిలో మూత ఉన్న ఒక చిన్న డబ్బా కనబడింది. పెద్దావిడ పెట్టారు. దాని మీద చీటీ ఏమీ లేదు. మిగిలిన వారం రోజుల్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. నోటితో తిన్నది తప్ప వేరేది ఆ గిన్నెలో వేయకూడదని నావికులకు ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని తలుపు మీద అంటించిన పడవలు చాలా చూశాను. వేరేవాటికి ఒక డబ్బా కూడా పెట్టిన పడవలు కొన్నే చూశాను. డబ్బా ఉన్న పడవల నుంచి నాకు పిలుపు తక్కువగా వచ్చేది.

గొట్టంలో సున్నం

రేవులో నాకు ఎక్కువగా దొరికిన పని సున్నపు పొరది. సముద్రపు నీరు, మూత్రం కలిసినచోట కాల్షియం లవణాలు గట్టిపడి గొట్టం లోపలి గోడకు పట్టుకుంటాయి. కొద్ది సంవత్సరాలలో అంగుళంన్నర గొట్టం వేలు పట్టే రంధ్రమైపోతుంది. మన ఊళ్లలో ఉప్పునీళ్లు కాచే గిన్నెలకు అడుగున పట్టే తెల్లని పెచ్చు చూశారు గదా, దానికి ఇది అన్న.

దీనికి మందు కంటే జాగ్రత్త మేలు. అంగుళంన్నర గొట్టం ఒక మీటరు పొడవుకు లీటరుకు కొంచెం ఎక్కువ పడుతుంది. గొట్టం మూడు మీటర్లు ఉంటే, మూడున్నర లీటర్ల నీరు వెళితే గాని అందులోని మురికి బయట పడదు. గిన్నె శుభ్రంగా కనబడగానే నాలుగుసార్లు కొట్టి వచ్చేస్తే మూత్రం గొట్టంలోనే నిలిచి ఉంటుంది. కంటికి కనబడేది శుభ్రం, కనబడనిది కాదు. కొత్తగా వచ్చిన వారందరికీ నేను చెప్పేది ఇదే: గిన్నె తెల్లబడ్డాక కూడా ఇంకొక ఇరవై సార్లు కొట్టండి.

వారానికో, పదిహేను రోజులకో ఒకసారి రాత్రి పడుకోబోయే ముందు తెల్ల వెనిగరు పోసి, అది గొట్టంలోకి చేరేలా నెమ్మదిగా పంపు కొట్టి, తెల్లవార్లూ వదిలేస్తే పలచని పొర కరిగిపోతుంది. ముదిరిపోయిన పొరకు నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. అది కూడా కరిగించలేనప్పుడు గొట్టం విప్పి, గట్టు మీదికి తీసుకొచ్చి, బండకేసి బట్టలు ఉతికినట్టు బాదితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఒక హెచ్చరిక: ఆమ్లాన్నీ బ్లీచింగునూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇళ్లలో కూడా ఒకటి పోసిన వెంటనే ఇంకొకటి పోసి ఊపిరి ఆడక ఇబ్బంది పడేవారున్నారు.

సముద్రం తలుపు దగ్గరే ఉంది

ఇప్పుడు ఇందాక చెబుతానన్న ప్రమాదం సంగతి. పడవకు అడుగున రంధ్రం ఉండకూడదని పిల్లవాడికి కూడా తెలుసు. అయితే ఈ మరుగుదొడ్డి కోసం మనమే రెండు రంధ్రాలు పెడుతున్నాము, ఒకటి నీరు రావడానికి, ఒకటి పోవడానికి. వాటికి కాపలా రెండు కుళాయిలు. నీటి మట్టానికి అడుగున్నర కింద ఉన్న అంగుళంన్నర రంధ్రం మూత లేకుండా తెరుచుకుంటే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. రాత్రి నిద్రలో ఉన్నవారికి తెలిసేసరికి మంచం తేలుతుంది.

గొట్టం ఊడకపోయినా నీరు రావచ్చు. డీజిలు డబ్బాలో పైపు పెట్టి ఒకసారి నోటితో పీల్చి వదిలితే డబ్బా ఖాళీ అయ్యేదాకా ధార ఆగదు గదా. ఆ సైఫనే ఇక్కడ శత్రువు. పంపు కొట్టి మీట మర్చిపోయి వెళితే సముద్రమే డీజిలు డబ్బా అవుతుంది, పడవ ఖాళీ డబ్బా అవుతుంది. అది జరగకుండా గొట్టాన్ని నీటి మట్టం కంటే చాలా ఎత్తుకు తీసుకెళ్లి, పైన వంపు తిప్పి, ఆ వంపు మీద గాలి పీల్చే చిన్న వాల్వు పెడతారు. గాలి చొరబడగానే ధార తెగిపోతుంది. ఆ వాల్వులో ఉప్పు పేరుకుంటే అది ఉన్నా లేనట్టే. కట్టి ఉంచిన ఒక పడవ మా రేవులోనే నేల పలకలు మునిగేదాకా నిండింది. వెతికితే కారణం అదే: తెరిచి ఉన్న కుళాయి, ఉప్పు పట్టి మూసుకుపోయిన శనగగింజంత వాల్వు.

ఇది చిన్న పడవల సంగతి మాత్రమే కాదు. రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజులలో, 1945 ఏప్రిల్ 14న, స్కాట్లాండ్ తీరం దగ్గర యూ-1206 అనే జర్మన్ జలాంతర్గామిలో మరుగుదొడ్డి నుంచి సముద్రపు నీరు లోపలికి తోసుకువచ్చింది. ఆ నీరు కింద ఉన్న బ్యాటరీలకు తగిలి విషవాయువు పుట్టింది. ఊపిరి కోసం నావ పైకి తేలవలసి వచ్చింది. పైన శత్రువుల విమానం కనిపెట్టి దాడి చేసింది. చివరికి నావికులు ఆ నావను వదిలేసుకున్నారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత పెద్ద యుద్ధనావ పోయింది ఒక మరుగుదొడ్డి దగ్గర.

అందుకే జాగ్రత్తపరులు ప్రతి గొట్టానికి రెండేసి స్టీలు క్లిప్పులు వేస్తారు. పట్టేయకుండా నెలకొకసారైనా కుళాయిలను తిప్పి చూస్తారు. పడవ దిగి ఊళ్లోకి వెళ్లేటప్పుడు మూసి వెళతారు. ప్రతి కుళాయికి మెత్తని కర్రతో చెక్కిన మేకు లాంటి బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచుతారు. కుళాయి విరిగితే ఆ బిరడాను రంధ్రంలో దూర్చి కొట్టడానికి. చీకట్లో వెతుక్కోకుండా అక్కడే ఉండాలి.

వాసన చెప్పే మాట

కొన్ని పడవల్లో ఎంత కడిగినా వాసన పోదు. ఆ వాసన రెండు రకాలు. పడవను కొన్నాళ్లు వాడకుండా ఉంచి మొదటిసారి పంపు కొడితే కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అది మురికి వాసన కాదు. నీరు వచ్చే గొట్టంలో నిలిచిన సముద్రపు నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లడం వల్ల పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. పడవను వదిలి వెళ్లేముందు ఆ గొట్టంలోకి మంచినీరు పట్టించి వెళితే సరిపోతుంది. రెండవది గొట్టం రబ్బరులో నుంచే బయటికి ఊరే వాసన. వేడినీటిలో తడిపి పిండిన గుడ్డతో గొట్టాన్ని తుడిచి, ఆ గుడ్డను వాసన చూడండి. గుడ్డకు వాసన అంటితే గొట్టం పని అయిపోయింది, మార్చడం తప్ప మార్గం లేదు.

ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పడవలో కొంచెంగా పుట్టి ముక్కు మూసుకునేలా చేసే ఆ హైడ్రోజన్ సల్ఫైడే మన సెప్టిక్ ట్యాంకులలో ఎక్కువగా పేరుకొని మనుషులను చంపుతుంది. అది ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు. వాసన లేదు గనుక ప్రమాదం లేదనుకొని దిగినవాడు పడిపోతాడు, వాడిని లేపడానికి దిగినవాడు కూడా పడిపోతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం ఇప్పటికీ చదువుతూనే ఉన్నాము. మీ ఇంటి ట్యాంకు నిండితే బండి పిలిపించి పైపుతో లాగించండి. మనిషిని దించకండి. కూలి ఎంత ఇస్తామన్నా దించకండి.

మురికి ఎక్కడికి పోతుంది?

గిన్నె ఖాళీ అయితే పని అయిపోయినట్టు కాదు. ఓడల మురుగు గురించి మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో నాలుగవ అనుబంధం ఉంది. అది 2003 సెప్టెంబరు 27 నుంచి అమలులో ఉంది. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల, అంటే సుమారు 22 కిలోమీటర్ల లోపల వదలకూడదు. ఆ నియమం పెద్ద ఓడలకు, పదిహేనుమందికి మించి మనుషులను తీసుకువెళ్లే ఓడలకు. చిన్న పడవలకు ఆయా దేశాలు వేరుగా చట్టాలు పెట్టుకున్నాయి. రేవులో ఉన్నంతకాలం మురికి ఒక ట్యాంకులో నిలవ ఉండాలి, తరువాత గట్టు మీది పంపుతో లాగించాలి. ఆ ట్యాంకుకు గాలి గొట్టం ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే పంపు పిడి బరువెక్కుతుంది. అందుకే పిడి పట్టేసినప్పుడు ట్యాంకు గాలి గొట్టాన్ని కూడా చూడాలి.

చేతులు కడుక్కుంటే పోయేది

2000లో సెలవుకు వచ్చినప్పుడు ఒక పెళ్లి పందిట్లో మా మావయ్య అందరి ముందు, ‘సముద్రం దాటి పోయి దొడ్లు బాగు చేస్తున్నావటరా?’ అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా మా అమ్మ, ‘చేతులు కడుక్కుంటే పోయే మురికికి సిగ్గెందుకు అన్నయ్యా’ అంది. మావయ్య మరి మాట్లాడలేదు.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. మన దేశంలో ఈ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, పని చేసినవారినే దూరంగా ఉంచారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో దానికంటే గట్టి చట్టం వచ్చాయి. ఆ రేవులో నేను చూసినది వేరు. ఉద్యోగం చాలించిన డాక్టర్లు, బ్యాంకు ఆఫీసర్లు, పంతుళ్లు తమ పడవ పంపు ముందు తామే మోకాళ్లూని కూర్చునేవారు. కొందరు పని అంతా తామే చేసుకొని, ‘సరిగా బిగించానా చూడు’ అని మాత్రం నన్ను పిలిచేవారు. ఎందుకంటే నడి సముద్రంలో పిలవడానికి వేరే ఎవరూ ఉండరు. వాడుకునేది తామే, బాగు చేసుకోవలసినదీ తామే. ఆ తరువాత చేతులు కడుక్కొని, అదే బల్ల మీద నాకు టీ పోసి, నా ఎదురుగా కూర్చొని త్రాగేవారు.

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులే. 55 అడుగుల పడవ, ఆరుగురు మనుషులు, 254 రోజులు. వార్తలలో అలలు, గాలివానలు చదివి అందరూ ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ పడవలోని చిన్న గది గుర్తుకు వచ్చింది. పనివాళ్లు లేని చోట, వంతులు వేసుకోకుండా, ఒకరి శుభ్రత ఒకరు కాపాడకుండా అన్ని రోజులు ఎవరూ కలిసి ఉండలేరు.

మా ఇంట్లో ఇప్పుడు మరుగుదొడ్డి కడగడం వంతుల మీద జరుగుతుంది. నాకు, నా భార్యకు, కొడుకుకు, కోడలికి, పన్నెండేళ్ల మనవడికి కూడా వంతు ఉంది. మొదట్లో కోడలు, ‘మీరెందుకు మావయ్య గారూ, నేను చేస్తాను గదా’ అని అడ్డుపడింది. ఇప్పుడు మానేసింది. నీళ్లు సరిగా పోకపోతే ఎవరు ఏమి వేశారని మేము అరవము. ఏమి వేశారో అడుగుతాము. పోయిన నెలలో మనవడు వచ్చి, ‘తాతయ్యా, షాంపూ కాగితం పడిపోయింది’ అని తానే చెప్పాడు. ఇద్దరం కలిసి తీగ వంచి బయటికి లాగాము. తరువాత సబ్బు పెట్టి చేతులు కడుక్కొని అన్నానికి కూర్చున్నాము.